బొమ్మ కింద చెక్క: రంగు వెయ్యకముందు జరిగే పని

1966 నవంబర్ 4న ఆర్నో నది పొంగి ఇటలీలోని ఫ్లారెన్స్ నగరాన్ని ముంచేసింది. అక్కడి శాంతా క్రోచే చర్చి మ్యూజియంలో అప్పటికే 400 ఏళ్లు దాటిన పెద్ద బొమ్మ ఒకటి ఉంది. చిత్రకారుడు జార్జో వసారి 1546లో వేసిన ‘లాస్ట్ సప్పర్’ (ఏసుక్రీస్తు చివరి విందు) అది. పోప్లార్ అనే మెత్తటి చెక్క పలకలు ఐదింటిని పక్కపక్కన చేర్చి, వాటి మీద నూనె రంగులతో వేశాడు. పన్నెండు గంటలకు పైగా అది బురదనీళ్లలో నానింది. నీళ్లు తగ్గాక రంగు పెళ్లలు పెళ్లలుగా రాలిపోకుండా బొమ్మ ముఖం నిండా పలుచని కాగితం అతికించి, పలకలను విడదీసి ఆరబెట్టి దాచిపెట్టారు. దశాబ్దాల పాటు దాన్ని కదిలించే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. చివరికి బాగై మళ్లీ శాంతా క్రోచేలో జనానికి కనిపించింది 2016 నవంబర్ 4న.

యాభై ఏళ్లు పట్టడానికి కారణం రంగుల్లో లేదు, రంగుల కింద ఉంది. నీళ్లు పీల్చి చెక్క ఉబ్బింది. చెక్కకీ రంగుకీ మధ్య ఉన్న తెల్ల పూతలోని జిగురు కరిగి పట్టు వదిలేసింది. తర్వాత ఆరే క్రమంలో చెక్క ముడుచుకుపోయింది. రంగు పొర మాత్రం దానితో పాటు ముడుచుకోలేదు. అంటే పలక చిన్నదైంది, దాని మీది బొమ్మ పెద్దదిగానే మిగిలింది. ఎక్కువైన ఆ రంగు పొర ఎక్కడికి పోవాలి? ముడతలు పడాలి, లేదా లేచి ఊడిపోవాలి. ఆ చిక్కు విడదీసే పద్ధతులు కుదరడానికే అన్నేళ్లు పట్టింది.

వరద అరుదైన సంగతే. కానీ అప్పుడు ఒక్క రోజులో జరిగిందే, చెక్క మీద వేసిన ప్రతి బొమ్మకీ ప్రతి ఏడాదీ కొంచెం కొంచెంగా జరుగుతూ ఉంటుంది. ఇటలీ చర్చి బొమ్మైనా, రష్యా ఐకాన్ (చెక్క పలక మీద వేసి పూజించే బొమ్మ) అయినా, తంజావూరు బాలకృష్ణుడైనా తేడా లేదు. చెక్క తయారీ అంటే పలకను గట్టిగా, నున్నగా చేయడం అని చాలామంది అనుకుంటారు. నున్నదనం చివర్లో వచ్చే చిన్న ఫలితం. అసలు పని, ఎప్పుడూ కదిలే చెక్కనీ కదలడం చేతకాని రంగునీ ఒకచోట ఉంచడం. తయారీలో వాడే ప్రతి పదార్థం, ప్రతి పొర ఈ లెక్క మీదే వచ్చింది.

ముందు చెక్క ఎందుకు కదులుతుందో చూడాలి. వానాకాలంలో బిగుసుకుపోయిన తలుపు వేసవిలో మళ్లీ వదులవుతుంది. ఎంత పాత చెక్కైనా గాలిలో తేమ పెరిగితే పీల్చుకుంటుంది, తగ్గితే వదిలేస్తుంది. అయితే అన్ని వైపులా ఒకేలా కదలదు. నార పొడవునా కదలిక దాదాపు ఉండదు. పచ్చి చెక్క పూర్తిగా ఎండిపోయినా ఆ దిశలో 0.1, 0.2 శాతానికి మించి తగ్గదు. అడ్డంగా మాత్రం బాగా తగ్గుతుంది. అందులోనూ రెండు రకాలు. మాను నడిమి నుంచి బెరడు వైపుకు కొలిస్తే తక్కువ, వలయాల వెంట కొలిస్తే దాదాపు రెట్టింపు. టేకులో ఇవి సుమారు 2.5 శాతం, 5.8 శాతం. పోప్లార్ జాతి చెక్కల్లో వలయాల వెంట తగ్గుదల 8 శాతం దాకా పోతుంది. టేకుకు అంత పేరు రావడానికి అందం, నూనె గుణం, చెదలు పట్టకపోవడంతో పాటు ఈ తక్కువ కదలిక కూడా కారణమే.

లెక్క కడితే విషయం తేలుతుంది. చెక్కలో తేమ సుమారు 30 శాతం నుంచి సున్నాకు వచ్చేలోపు పైన చెప్పిన తగ్గుదలంతా జరుగుతుంది. కోస్తా ఊళ్లో వానాకాలంలో ఇంట్లోని చెక్కలో 15 శాతం తేమ ఉండవచ్చు. అదే చెక్క ఏసీ గదిలో కొన్ని నెలలుంటే 9 శాతానికి దిగవచ్చు. తేడా ఆరు శాతం, అంటే మొత్తం తగ్గుదలలో అయిదో వంతు. 60 సెంటీమీటర్ల వెడల్పున్న పోప్లార్ పలక ఈ మాత్రానికే సెంటీమీటరు దాకా ముడుచుకుంటుంది. అదే వెడల్పు టేకు పలక 7 మిల్లీమీటర్లు. ఆ టేకునే వలయాలు పలక ముఖానికి నిలువుగా వచ్చేట్టు కోయిస్తే 3 మిల్లీమీటర్లతో సరిపోతుంది. చెట్టు అదే, కోసిన తీరు మారితే కదలిక సగానికి తగ్గింది. పలక చివరను చూసి వలయాలు ఎటు పోతున్నాయో గమనించే వడ్రంగికి ఈ శాతాలు తెలియకపోవచ్చు, ఫలితం మాత్రం బాగా తెలుసు.

యూరప్ ఉత్తరాన ఈ జాగ్రత్త నియమాల దాకా వెళ్లింది. నెదర్లాండ్స్ ప్రాంతపు చిత్రకారులు వాడిన ఓక్ చెక్క ఎక్కువగా బాల్టిక్ తీరం నుంచి వచ్చేది. నిదానంగా పెరిగిన చెట్లు, దగ్గర దగ్గర వలయాలు, నడిమి నుంచి బయటికి చీల్చిన పలకలు. అందుకే సెంటీమీటరు మందంతోనే పని జరిగిపోయేది. ఇటలీ వాళ్లు మెత్తటి పోప్లార్‌ను మూడు నాలుగు సెంటీమీటర్ల మందాన వాడాల్సి వచ్చేది. ఆ ప్రాంతంలోనే ఉన్న ఆంట్వెర్ప్ నగరంలో పలకలు చేసేవాళ్లకు 1617లో కట్టుదిట్టమైన నిబంధనలు వచ్చాయి. చేసినవాడు తన గుర్తు వేయాలి, తనిఖీ చేసినవాళ్లు నగర ముద్ర కాల్చి వేయాలి, బెరడు పక్కన ఉండే తెల్లచెక్క వాడితే జరిమానా. తెల్లచెక్క మీద అంత కోపం ఊరికే రాలేదు. అందులో పిండిపదార్థం ఉంటుంది, పుప్పి పురుగులకు అదే తిండి. చేవకర్రను అవి అంత తేలిగ్గా ముట్టుకోవు.

పలక ఎంత మంచిదైనా బొమ్మ వేశాక వంగుతుంది. ఎటు వంగుతుంది అన్నది ఆసక్తికరం. మ్యూజియంలో పాత పలకను పక్క నుంచి చూస్తే చాలాసార్లు బొమ్మ ఉన్న వైపు కొంచెం ఉబ్బెత్తుగా, వెనక వైపు గుంటగా కనిపిస్తుంది. ముందువైపు తెల్ల పూత, రంగు, వార్నిష్ ఉన్నాయి కాబట్టి తేమ అటు నుంచి నిదానంగా రాకపోకలు చేస్తుంది. వెనక వట్టి చెక్క. గాలిలో తేమ పెరిగినప్పుడు వెనక వైపు ముందుగా ఉబ్బాలని చూస్తుంది, మిగతా మందం దాన్ని ఉబ్బనివ్వదు. దాంతో అక్కడి కణాలు ఒకదాన్నొకటి నొక్కుకుని నలిగిపోతాయి. ఆరినప్పుడు అవి అసలు కొలత కంటే చిన్నవిగా మిగులుతాయి. వందల వానాకాలాలు, వందల వేసవులు గడిచేసరికి వెనక భాగం శాశ్వతంగా కుంచించుకుపోయి, ముందుభాగం విల్లులా బయటికి వంగుతుంది. లియొనార్డో మోనాలీసా కూడా పోప్లార్ పలకే. అదీ ముందుకు ఉబ్బింది, పై అంచు నుంచి 11 సెంటీమీటర్ల పొడవున ఒక బీట కూడా ఉంది.

కాబట్టి వెనక వైపుకు కూడా ముందువైపు వేసినన్ని పూతలు వెయ్యడం పలక తయారీలో అన్నిటికంటే చవకైన, అన్నిటికంటే ఎక్కువగా వదిలేసే పని. వెనకది ఎవరికీ కనిపించదు, కొనేవాడు అడగడు. అక్కడే పొదుపు చేస్తారు.

వంగకుండా వెనక అడ్డబద్దెలు కొట్టడం అందరికీ తోచే ఉపాయం. మేకులు కొట్టి బిగిస్తే ఏమవుతుందో పాత ఇటాలియన్ బొమ్మల్లో కనిపిస్తుంది. పలక అడ్డంగా కదలాలని చూస్తుంది, బద్దె పొడవునా కదలదు, మేకు మధ్యలో నలుగుతుంది. చివరికి పలక తన బలహీనమైన చోట చీలుతుంది. రష్యా ఐకాన్ తయారీదార్ల పద్ధతి తెలివైంది. పలక వెనక అడ్డంగా, అడుగున వెడల్పుగా పైన సన్నంగా ఉండే గాడి తీసి, అదే ఆకారంలో చెక్కిన గట్టి బద్దెను అందులోకి తోస్తారు. జిగురు వెయ్యరు. బద్దె పలకను వంగనివ్వదు కానీ ముడుచుకోవడానికి, వెడల్పు కావడానికి అడ్డు రాదు. ఈ చిన్న తేడా తెలియక 19వ శతాబ్దంలో యూరప్ మరమ్మతుదార్లు ఎన్ని మంచి బొమ్మలు పాడు చేశారో. వంగిన పలకలను వెనక నుంచి చిత్రిక పట్టి పలుచగా చేసి, బలవంతంగా చదును చేసి, కర్ర జాలీలు అతికించారు. జాలీలో జరిగే బద్దెలు కొన్నాళ్లకు ఇరుక్కుపోయాయి. కదలడానికి దారి లేక పలకలు కొత్త చోట్ల బీటలు వారాయి. ఇప్పుడు మ్యూజియంలు అవసరమైన చోట ఆ జాలీలను తీసేయాల్సి వస్తోంది.

చెక్క సంగతి తేలాక పూతల దగ్గరకు రావచ్చు. ఇటలీలో 1400 ప్రాంతంలో చెన్నినో చెన్నిని అనే చిత్రకారుడు రాసిపెట్టిన పద్ధతి ఇప్పటికీ దీనికి మూలపాఠం. మేక, గొర్రె తోలు తునకలను ఉడికించి తీసిన జిగురును ముందు పలకకు పట్టించాలి. ఇది తాగడానికి వేసే పూత. పలక దాహం తీరకపోతే తర్వాత వేసే తెల్ల పూతలోని జిగురును అదే లాగేసుకుంటుంది, పైన వట్టి పొడి మిగులుతుంది. తర్వాత పాత నార బట్ట ముక్కలను జిగురులో ముంచి పలక మీద పరచాలి. దాని మీద ముతక జిప్సం పూత, ఆ పైన మెత్తటి జిప్సం పూతలు. మెత్తటి జిప్సం తయారీకి చెన్నినో చెప్పిన దానికి ఓపిక కావాలి: ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను బోలెడు నీళ్లలో వేసి, రోజూ కలుపుతూ నెల రోజుల దాకా నానబెట్టాలి. అలా చేస్తే అది గడ్డకట్టే గుణం కోల్పోయి, పట్టులాంటి మెత్తటి పిండిగా మిగులుతుంది. గట్టిపడటం జిగురు వల్ల జరగాలి, జిప్సం వల్ల కాదు. జిప్సం తనంతట తానే గట్టిపడితే పెళుసైన ముద్దగా తయారై పలకతో పాటు కదలలేదు.

ఉత్తరాన జిప్సం బదులు సుద్ద వాడారు. దొరికేది అదే కాబట్టి. పనిలో పెద్ద తేడా లేదు, సుద్ద పూత మరికాస్త నున్నగా వస్తుంది. ఈ రెండు రకాలనూ ఇప్పుడు జెస్సో అనే పిలుస్తున్నారు.

మధ్యలో బట్ట ఎందుకు? పలకలు కలిసిన అతుకు కదిలినప్పుడు ఆ కదలిక నేరుగా తెల్ల పూతను చేరకుండా ఉండటానికి. అతుకు దగ్గర కదలికంతా ఒక గీత మీద పడితే పూత అక్కడే తెగుతుంది. బట్ట ఆ కదలికను నాలుగు వేళ్ల వెడల్పున పంచుతుంది. ముడులు, బంక కారే చోట్లు, పాత మేకు గుంతలు కూడా బట్ట కిందికి పోతాయి. ఆరోగ్యమైన ఒకే పలక, చిన్న కొలత అయితే బట్ట లేకపోయినా గడుస్తుంది. రెండడుగులు దాటితే లేకుండా వేయడం అనవసరమైన ధైర్యం.

జిగురు పాలు దగ్గరే చాలామంది చేతులు కాల్చుకుంటారు. ఇప్పుడు పలుకులుగా దొరికే తోలు జిగురు అయితే లీటరు నీటికి సుమారు 70 గ్రాములు వేసి రాత్రంతా నానబెడతారు. తెల్లారేసరికి పలుకులు ఉబ్బి మెత్తబడతాయి. గిన్నెను నేరుగా మంట మీద పెట్టకూడదు. వేడి నీళ్ల గిన్నెలో ఈ గిన్నె ఉంచి, 60 డిగ్రీలు దాటకుండా కరిగించాలి. మరిగితే జిగురు బలం చచ్చిపోతుంది. చల్లారాక మెత్తటి జున్నులా నిలవాలి. వేలితో విడదీస్తే విరిగిన అంచు గరుకుగా ఉండాలి. నీళ్లలా జారితే పలచన, రబ్బరులా సాగితే చిక్కన. సరిపోయిన జిగురు మళ్లీ గోరువెచ్చన చేసి, అందులోకి సుద్ద పొడిని జల్లెడ పట్టినట్టు నెమ్మదిగా రాల్చాలి. కుంచెతో గిలకొట్టకూడదు. గాలి బుడగ ఒక్కటి పూతలో చిక్కుకుందంటే ఆరాక సూది గుచ్చినంత గుంత పడుతుంది. ఆ గుంత పైన పది పూతలు వేసినా పైకి వస్తూనే ఉంటుంది. అందుకే మొదటి పూతను కుంచెతో వేసిన వెంటనే అరచేతితో, వేళ్ల కొసలతో గుండ్రంగా రుద్దుతారు. చెక్క గరుకులోకి, బట్ట నేతలోకి పూత దిగి, లోపలి గాలి బయటికి పోతుంది. తర్వాతి పూతలకు ఆ అవసరం లేదు. తడి మెరుపు పోయిన వెంటనే, పూర్తిగా ఎండకముందే, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా వేసుకుంటూ పోవడమే. చదునైన చోట మెత్తటి పూతలు కనీసం ఎనిమిది అంటాడు చెన్నినో.

జిగురు ఎక్కువైతే పూత గట్టిగా, మెరుస్తూ కనిపించి మోసం చేస్తుంది. ఎండాకాలంలో అదే జిగురు బిగుసుకుని లాగుతుంది. ఆ లాగుడుకు పూత నెర్రెలిస్తుంది, మరీ ఎక్కువైతే చెక్క పైపొరతో సహా పెకలించుకుని లేస్తుంది. తక్కువైతే వేలికి తెల్లగా అంటుకుంటుంది, రంగులోని తడిని తాగేస్తుంది. అన్నిటికంటే చేటు, కింద బలహీనమైన పూత వేసి పైన బలమైన పూత వెయ్యడం. పైది లాగితే కిందిది నిలవదు. ఒకే గిన్నెలోని జిగురుతో అన్ని పూతలూ పూర్తి చేయమని చెప్పడంలో కిటుకు ఇదే. మధ్యలో నీళ్లు ఆవిరైపోయి గిన్నెలో మిగిలింది చిక్కబడుతుంటే, చివరి పూతలు తెలియకుండానే గట్టివి అయిపోతాయి. అప్పుడు కాసిని వేడి నీళ్లు కలపాలి.

పాత పలకల మీద సన్నని పగుళ్లను చూసి బొమ్మ ఎక్కడిదో అంచనా వేసేవాళ్లున్నారు. ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం ప్రాంతం) ఓక్ పలకల మీద పగుళ్లు ఎక్కువగా నార వెంట సాగుతాయి. ఇటలీ పలకల మీద నారకు అడ్డంగా పడినవి బాగా కనిపిస్తాయి. రెండింటికీ కారణాలు వేరు. చెక్క అడ్డంగా కదిలి పూతను లాగితే నార వెంట పగులుతుంది. పూతే తనంతట తాను ముడుచుకోవాలనుకున్నప్పుడు, నార దిశలో చెక్క ఏమాత్రం లొంగదు కాబట్టి, పూత అడ్డంగా తెగుతుంది. మందపాటి జిప్సం పూతలు వేసిన ఇటలీలో రెండోది ఎక్కువ కావడంలో వింత లేదు.

ఇక తంజావూరు. తమిళంలో ‘పలగై పడం’ అనే పేరుతోనే పలక మీది బొమ్మ అని తెలుస్తుంది. విజయనగరం పతనం తర్వాత దక్షిణానికి వెళ్లిన తెలుగు చిత్రకారుల కుటుంబాలు తంజావూరు, తిరుచ్చిల్లో ‘రాజు’ కులంవాళ్లుగా, మధురైలో ‘నాయుడు’ కులంవాళ్లుగా స్థిరపడి ఈ కళను పెంచాయని చెబుతారు. నాయకరాజుల తర్వాత మరాఠా ప్రభువుల ఆదరణ దొరికింది, రెండో శరభోజి (1798–1832) కాలంలో అది బాగా వెలిగింది. ఇందులో పలక తయారీ చూస్తే, ఫ్లారెన్స్‌తో ఏ పరిచయం లేని వడ్రంగులు, చిత్రకారులు దాదాపు అదే వరసకు చేరారని అర్థమవుతుంది. పాతకాలంలో పనస చెక్క, కొన్నిచోట్ల టేకు. దాని మీద బట్ట, బట్టను పట్టించడానికి చింతగింజల బంక. ఆ పైన సుద్ద లేదా సున్నపురాయి పొడి, బంకతో కలిపిన పూతలు. ఆరాక నున్నటి రాయితో రుద్దడం. చెక్క, బట్ట, తెల్ల పూత: మూడూ అక్కడున్నవే. జిగురు మాత్రం జంతువు నుంచి చెట్టుకు మారింది.

ఆ మార్పు చిన్నదేమీ కాదు. చింతగింజలను వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి ఉడికిస్తే వచ్చే అంబలి పిండిజాతి పదార్థం. బట్టను చెక్కకు పట్టించడంలో దానికి సాటి తక్కువ. తోలు జిగురంత గట్టిగా లాగదు, కాబట్టి ఎండాకాలపు బిగువు కొంత తక్కువ. అయితే వానాకాలంలో బూజుకూ పురుగుకూ అది ఇష్టమైన తిండి. పిండి బంకలో మైలుతుత్తం కలపడం పుస్తకాల బైండింగ్ చేసేవాళ్లకు బాగా తెలిసిన విరుగుడు. తంజావూరు బొమ్మకు ఇంకో భారం కూడా ఉంది. దేవుడి నగలు, మండపం, తోరణం ఉబ్బెత్తుగా రావడానికి సున్నపురాయి పొడి, బంక కలిపిన మక్కును మందంగా పెట్టి, గాజు రాళ్లు పొదిగి, 22 కారెట్ బంగారు రేకు అతికిస్తారు. పూత మందం పెరిగేకొద్దీ వంగే శక్తి తగ్గుతుంది. పలుచని జెస్సో ఓర్చుకునే కదలికకు మందపాటి మక్కు పగిలిపోతుంది. కింద బట్ట లేకుండా తంజావూరు పలక తయారు చేయడం ఎవరికీ తోచకపోవడానికి కారణం ఈ మక్కే అయ్యుండాలి.

మన కొండపల్లి బొమ్మలోనూ చింతగింజల మక్కు ఉంది, సున్నపు పూత ఉంది, బట్ట మాత్రం లేదు. తేలికైన తెల్ల పొణికి చెక్కను సన్నని సెగ మీద ఆరబెట్టి, చేతులు, తలలు, తొండాలు విడివిడిగా చెక్కి, రంపపు పొట్టు కలిపిన చింతగింజల మక్కుతో అతికిస్తారు. దాని మీద సున్నం, ఆపై రంగు. ఒక్కో ముక్క వెడల్పు వేళ్లలో కొలిచేంతే. అయిదు సెంటీమీటర్ల చెక్క ఎంత కదిలినా మిల్లీమీటరు దాటదు. బట్ట అవసరం అక్కడ పుట్టనే లేదు. చేర్యాల నకాషీ పటం ఇంకో చివరన ఉంటుంది. అక్కడ చెక్కే లేదు, ఖాదీ బట్టే నేల. దానికి గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక నీళ్లు కలిపి పూస్తారు. ఆ పటాన్ని చుట్టాలి, కథ చెప్పేటప్పుడు విప్పాలి, మళ్లీ చుట్టాలి. తంజావూరు మందం దాని మీద వేస్తే మొదటిసారి చుట్టేసరికే రాలుతుంది. ముగ్గురి దగ్గరా అవే సరుకులు. మారింది పాళ్లు, మందం మాత్రమే. ఏ పద్ధతి గొప్పదన్న చర్చ ఇక్కడ కుదరదు. కింది వస్తువు ఎంత కదులుతుందో దాన్ని బట్టి పైపూత వచ్చింది.

ఇప్పుడు తంజావూరు బొమ్మలు ఎక్కువ భాగం ప్లైవుడ్ మీదే వస్తున్నాయి. దీన్ని చూసి సంప్రదాయం చెడిందని బాధపడేవాళ్లున్నారు. చెక్క కదలిక లెక్క తెలిసినవాళ్లు అలా బాధపడనక్కర్లేదు. ప్లైవుడ్‌లో ఒక పొర నార నిలువుగా ఉంటే తర్వాతి పొర అడ్డంగా ఉంటుంది. ఒకటి కదలాలంటే ఇంకోటి పట్టుకుంటుంది. మామూలు పలక శాతాల్లో కదిలితే ఇది అందులో చిన్న భాగమే కదులుతుంది. వెడల్పు కావాలంటే అతుకులు వెయ్యక్కర్లేదు. పాత పద్ధతి వందల ఏళ్లు తంటాలు పడ్డ సమస్యలో పెద్ద భాగం కార్ఖానాలోనే తీరిపోయింది.

కొత్త సమస్యలు వేరే వచ్చాయి. చవక ప్లైవుడ్‌లో లోపలి పొరల మధ్య ఖాళీలు ఉంటాయి, పొరలను పట్టి ఉంచే జిగురు చెమ్మకు ఆగదు. దుకాణంలో ‘కమర్షియల్’ అని అమ్మే సాధారణ రకం ఐఎస్ 303 అనే భారతీయ ప్రమాణం కిందకు వస్తుంది. నీటిని తట్టుకునే మెరైన్ రకం ఐఎస్ 710. పాతికేళ్లు నిలవాలనుకునే బొమ్మకు రెండోది వాడటం వల్ల పెరిగే ఖర్చు, దాని మీద పెట్టే బంగారంతో పోలిస్తే లెక్కలోకి రాదు. పైపొర మెత్తటి చెక్క అయితే సన్నని చీలికలు పడతాయి, అందుకే ప్లైవుడ్ మీద కూడా బట్ట మానకూడదు. అంచులు నాలుగూ మూసేయాలి. తేమ ఎక్కువగా చొరబడేది కోసిన అంచుల నుంచే. చెక్క పీచును జిగురుతో నొక్కి చేసే ఎండీఎఫ్ బోర్డు ముఖం అద్దంలా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లకు నచ్చుతుంది. దాని అంచుకు ఒకసారి నీళ్లు తగిలితే ఉబ్బిన ఉబ్బు మళ్లీ తగ్గదు.

చింతగింజల బంక స్థానంలో ఫెవికాల్ వచ్చింది. పని తేలిక, పురుగు భయం లేదు, పాళ్ల టెన్షన్ లేదు. పోయింది ఒకటుంది. తోలు జిగురు, చెట్ల బంక, పిండి బంక అన్నీ గోరువెచ్చని తడికి మెత్తబడతాయి. వసారి బొమ్మను వరద పాడుచేసింది ఆ గుణం వల్లే. కానీ పాత పలక మీద లేచిన రంగు పెళ్లను మళ్లీ పడుకోబెట్టగలిగేది కూడా ఆ గుణం వల్లే. స్టర్జన్ చేప తిత్తి నుంచి తీసిన జిగురును పలుచగా చేసి పగులులోకి ఎక్కిస్తే, పాత జిగురుతో కలిసిపోయి పెళ్లను కిందికి దించుతుంది. ఎండిన ఫెవికాల్ పొర మళ్లీ అలా కరిగి కలవదు. ఊడిన చోట కింద వెయ్యాల్సిన కొత్త జిగురుకు పట్టు దొరకదు. ఇంట్లో అలంకారానికి కొనే చిన్న బొమ్మకు ఈ చర్చ అనవసరం. మనవలకు ఇవ్వాలని చేయించుకునే పెద్ద బొమ్మకు మాత్రం బట్ట దేనితో అంటించారో అడిగి తెలుసుకోవడంలో తప్పు లేదు.

సీసాల్లో దొరికే అక్రిలిక్ జెస్సో గురించి కూడా ఒక మాట. పేరు జెస్సోనే, స్వభావం వేరు. అది ప్లాస్టిక్ పూత. వంగుతుంది, పగలదు, కాన్వాస్ మీద అక్రిలిక్ రంగులకు బాగా సరిపోతుంది. కానీ సుద్ద పూతలా తడిని తాగదు. గుడ్డు సొనతో వేసే టెంపెరా రంగు దాని మీద పైపైనే ఉండిపోయి, గోటితో గీస్తే లేస్తుంది. ఐకాన్ల మీద చేసినట్టు బంగారాన్ని మెరుగు రాయితో రుద్ది మెరిపించాలంటే కింద గట్టి సుద్ద పూత ఉండాల్సిందే, ప్లాస్టిక్ మీద ఆ మెరుపు రాదు. అక్రిలిక్‌తో పని చేసేవాళ్లు దాన్ని వాడుకోవడం సబబే. పాత పద్ధతి నేర్చుకోవాలనుకునే విద్యార్థికి అదే సీసా ఇచ్చి మొదలుపెట్టించడం మాత్రం పనిలో సగాన్ని ఎగ్గొట్టించడమే.

తంజావూరు బొమ్మలు కొని అమెరికాకో కెనడాకో తీసుకెళ్లే తెలుగు కుటుంబాలు ఎన్నో. చెక్క పలకకు అది పెద్ద ప్రయాణం. చెన్నై తేమలో తయారై 13, 14 శాతం తేమతో బయలుదేరిన పలక, చలికాలంలో హీటర్ ఆన్ చేసిన చికాగో ఇంట్లో 5 శాతానికి దిగవచ్చు. హీటర్ వేసిన గదిలో గాలి తేమ పాతిక శాతానికి పడిపోవడం మామూలే. ఆ ఒక్క చలికాలంలో పలక అనుభవించే ముడత, తంజావూరులో ఏ వేసవిలోనూ ఉండదు. దానికి తోడు ఆ పొడిగాలికి జిగురు కూడా గట్టిపడి పెళుసవుతుంది. చాలా ఇళ్లలో మొదటి చలికాలం గడిచాక తోరణం దగ్గర మక్కు పగిలి, బంగారు రేకు కింద సన్నని గీత కనిపించడానికి కారణం ఇదే. తయారుచేసినవాడి మీద అనుమానపడతారు. తరచూ తప్పు అతనిది కాదు.

ప్లైవుడ్ మీద చేసినది కొనడం ఇక్కడ తెలివైన పని. చెక్క పలకే కావాలనుకుంటే బొమ్మ చేరేది ఎండాకాలమో, ఆకురాలు కాలం మొదట్లోనో అయ్యేట్టు చూసుకోవాలి. అప్పుడు చలికాలపు పొడిగాలికి పలక నెలల తరబడి నెమ్మదిగా సర్దుకుంటుంది. ప్యాకింగ్ విప్పిన రోజే గోడకు తగిలించకుండా, ప్లాస్టిక్ కవర్ ఒక మూల తెరిచి రెండు మూడు వారాలు చల్లటి గదిలో ఉంచాలి. వెనక అట్ట, ముందు గాజు ఉన్న ఫ్రేమ్ అయితే లోపలి గాలి త్వరగా మారదు. ఫ్రేమ్‌లో పలక అంచుల చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉండాలి, మేకులు కొట్టి బిగించకూడదు. హీటర్ గాలి వచ్చే చోటికి, వంటింటి గోడకు, బయటి గోడకు దూరంగా తగిలించాలి. బయటి గోడే దిక్కైతే ఫ్రేమ్ వెనక నాలుగు మూలలా చిన్న కార్కు ముక్కలు అతికిస్తే గాలి ఆడుతుంది. పూజగదిలో పెట్టేవాళ్లు దీపాన్ని బొమ్మకు అడుగున్నర దూరంలోనైనా ఉంచాలి. వేడికంటే ముందు, ఆ సెగకు పలక ముందువైపు మాత్రమే ఎండి వంగడం మొదలవుతుంది.